బండి మాట: మెత్తదనం కొనే ముందు గట్టిదనం ఊడదీయండి

ప్రశ్న: అన్నా, నమస్తే. మాకు 2017 మోడల్ స్కార్పియో ఉంది. ఇంట్లో ఎక్కువగా నడిపేది నేనే. మా అత్తకు నడుం నొప్పి, నెలకోసారి తిరుపతి ఆసుపత్రికి తీసుకుపోవాలి. పోయొచ్చిన రాత్రి ఆమెకు నిద్ర ఉండదు. కొన్నప్పుడు బండి ఇంత గట్టిగా లేదు. మామిడికాయల కాలంలో పెట్టెలు వేస్తే వెనక కుంగిపోతోందని మా ఆయన స్ప్రింగుల మధ్య రబ్బరు బఫర్లు పెట్టించాడు. తర్వాత టైర్లు మార్చినప్పుడు 265/65 ఆర్17, పది ప్లై అని లావువి వేయించాడు. చూడ్డానికి బాగుంది గానీ, రోడ్డు మీద చిన్న రాయి తగిలినా సీటు దాకా తెలుస్తోంది. ఒక మెకానిక్కు బయటి దేశం సస్పెన్షన్ కిట్టు వేయమంటాడు, లక్ష దాటుతుందంట. ఇంకొకాయన టైర్లలో గాలి 25కి దించమన్నాడు. ఏది ముందు చేయాలి?
– ఒక పాఠకురాలు, దామలచెరువు

జవాబు: చెల్లెమ్మా, సగం జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. కొన్నప్పుడు ఇంత గట్టిగా లేదన్నారు. అంటే కంపెనీ ఇచ్చిన గట్టిదనం కొంత, మనం డబ్బిచ్చి ఎక్కించుకున్నది కొంత. ఎక్కించుకున్నదాన్ని ముందు దించుదాం. అది దించాక కూడా చాలకపోతే అప్పుడు కిట్టు మాట. రేణిగుంట రోడ్డులో నా షెడ్డుకు ‘బండి గట్టిగా ఉంది’ అని వచ్చే పెద్ద బండ్లలో చానావాటికి ఇదే కథ. కింద పడుకుని చూస్తే కంపెనీ సామాను కన్నా అంగడి సామానే ఎక్కువ కనపడుతుంది.

బండి ఎట్లా కుదుపుతోందో తెలిస్తే జబ్బు ఎక్కడుందో సగం తెలిసినట్టే. చిన్న రాయికి, వంతెన అతుకులకు ‘టక్ టక్’ మని సీటుకు కొడితే అది టైరు, గాలి, బుష్షుల (ఇనుప అతుకుల నడుమ ఉండే రబ్బరు గొట్టాల) పని. స్పీడ్ బ్రేకర్ మీద ‘ధబ్’ మని మోగితే షాకబ్జరో బంప్ స్టాపరో (స్ప్రింగు పూర్తిగా అణిగినప్పుడు తగిలే రబ్బరు దిమ్మె) చూసుకోవాలి. గతుకు దాటాక కూడా బండి రెండు మూడు సార్లు ఊగితే షాకబ్జర్లు అయిపోయినట్టు. ఒక పక్క చక్రం గుంతలో దిగినప్పుడు తల అటూ ఇటూ విసురుతోందంటే అది ఛాసీ, అంటే కింద ఇనుప చట్రం, మీద కట్టిన బండ్ల పుట్టుగుణం. వెనక రెండు చక్రాలకూ ఒకే ఇరుసు కాబట్టి ఒకటి ఎక్కితే రెండోది కూడా కదులుతుంది. దాన్ని ఏ కిట్టూ పూర్తిగా పోగొట్టదు, పోగొడతామని ఎవరన్నా చెబితే నమ్మొద్దు. మీది మొదటి రకం, చిన్న రాయి సీటు దాకా రావడం. అది కిట్టుతో నయమయ్యే జబ్బు కాదు.

ముందు టైర్ల సంగతి చెబుతాను, ఎందుకంటే మీ బండిలో పెద్ద దోషి అదే. మీ స్కార్పియోకు కంపెనీ ఇచ్చిన సైజు 235/65 ఆర్17. 235 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, 65 అంటే ఆ వెడల్పులో టైరు గోడ ఎత్తు ఎంత శాతమో, 17 అంటే రిమ్ము అంగుళాలు. ఇప్పుడున్నది 265/65 ఆర్17, అదీ పది ప్లై. అంటే లైట్ ట్రక్కులకు చేసిన టైరు. టైరు పక్కన సైజు తర్వాత ఇంకో అంకె ఉంటుంది, చూడండి. 104 అని ఉంటే ఆ టైరు 900 కిలోలు మోస్తుంది. ఈ రకం పది ప్లై టైర్ల మీద మామూలుగా 120 ఉంటుంది, అంటే ఒక్కో టైరు 1400 కిలోలు. నాలుగూ కలిపి 5600 కిలోలు. మీ బండి ఏడుగురు మనుషులు, సామాను అన్నీ కలిపితే రెండున్నర టన్నుల చిల్లర. ఐదున్నర టన్నులు మోసే గోడలున్న టైరు మీద మీ అత్తగారిని కూర్చోబెట్టి, మెత్తగా పొమ్మంటే ఎట్లా పోతుంది?

ఇక్కడే గాలి దించమన్నాయన మాట వస్తుంది. ఆయన ఆలోచన అర్థమవుతుంది గానీ ఒప్పుకోను. ఆ 1400 కిలోలు మోసేది 80 పౌండ్ల గాలి ఉన్నప్పుడు. గాలి తగ్గేకొద్దీ మోత కూడా తగ్గిపోతుంది. ఒకే గాలి దగ్గర చూస్తే మామూలు కారు టైరు మోసినంత కూడా ఈ ట్రక్కు టైరు మోయదు. 25కి దించి, ఏడుగురిని ఎక్కించుకుని, మే నెల ఎండలో హైవే మీద పోతే టైరు గోడ మడతపడి మడతపడి కాగిపోతుంది. పగిలేది అప్పుడే. కాబట్టి ఈ టైరుతో మీకు రెండే దారులు: గాలి సరిగ్గా పెడితే గట్టి, తగ్గిస్తే ప్రమాదం. ఈ టైరే వద్దు.

ఇంకో తంటా కూడా ఉంది. పాత టైరు ఎత్తు 737 మిల్లీమీటర్లు, కొత్తది 776. దాదాపు ఐదు శాతం పెద్దది. ఇప్పుడు మీటరు 80 చూపిస్తుంటే మీరు నిజానికి 84లో పోతున్నారు. పైగా టైరు బరువు ఎక్కువ. ఆ బరువు స్ప్రింగు కింద వేలాడే బరువు. అది ఎంత పెరిగితే, గతుకు తగిలిన చక్రాన్ని మళ్ళీ రోడ్డు మీద పెట్టడానికి షాకబ్జరు అంత అవస్థ పడాలి. స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు మడ్‌గార్డుకు రాసుకుంటోందేమో కూడా చూడండి. కంపెనీ ఇచ్చిన సైజుల్లో లేనిది వేస్తే బండిలో మార్పుల గురించి చెప్పే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ పేరు చెప్పి ఇన్సూరెన్సు వాళ్ళు పేచీ పెట్టే అవకాశం కూడా ఉంది.

సరే, ఏం వేయాలి? 235/65 ఆర్17లోనే ‘హెచ్‌టీ’ రకం, అంటే తారు రోడ్డు కోసం చేసిన టైరు అడగండి. ‘ఏటీ’ అనేది సగం మట్టిరోడ్డుకు, ‘ఎంటీ’ అనేది బురదకు. మామిడి తోటలోకి నెలకు ఒకటి రెండు సార్లు పోయేదానికి ఏటీ అక్కర్లేదు, హెచ్‌టీ చాలు. అంగట్లో టైరు దించగానే పక్కన నాలుగంకెల తేదీ చూడండి. 2325 అని ఉంటే 2025లో 23వ వారం తయారైంది. రెండేళ్ల నాటి సరుకు అంటగడితే వద్దనండి. మీ మిద్దె మీద కంపెనీ టైర్లు దాచి ఉంటే, అరగలేదు కదా అని వాటిని దించి వేయించుకోకండి. వాటి వయసు బండి వయసే. రబ్బరు ఎండిపోయి ఉంటుంది, అరగకపోయినా గట్టిపడి ఉంటుంది, వానలో పట్టు కూడా ఉండదు.

ఇంకా మెత్తగా కావాలంటే ఒక దారి ఉంది. 2014కు ముందు స్కార్పియోల్లో 235/70 ఆర్16 వచ్చేది. లెక్క వేస్తే దాని ఎత్తు 735 మిల్లీమీటర్లు, మీ 17కూ దానికీ తేడా రెండు మిల్లీమీటర్లే. మీటరు తప్పు చెప్పదు. కానీ రిమ్ము ఒక అంగుళం తగ్గింది కాబట్టి టైరు గోడ 12 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఆ పన్నెండు మిల్లీమీటర్ల రబ్బరు, గాలి చిన్న రాళ్ళను లోపలే మింగేస్తాయి. రిమ్ములు కూడా మార్చాలి గనక ఖర్చు ఎక్కువ. కొనే ముందు ఒక్క రిమ్ము ముందు చక్రానికి పెట్టి చేత్తో తిప్పి, బ్రేకు కాలిపర్‌కు తగలకుండా తిరుగుతోందా అని చూసుకోవాలి. తగిలితే ఆ ఆలోచన వదిలేయండి. మీ స్థానంలో నేనుంటే ముందు 17లోనే హెచ్‌టీ వేసి నెల చూస్తాను.

గాలి సంగతి. డ్రైవరు తలుపు తెరిస్తే పక్క స్తంభానికి స్టిక్కరు ఉంటుంది. కంపెనీ సైజు టైరు వేశాక ఆ అంకెనే పాటించండి. మన బంకుల్లో పిల్లోళ్ళు పెద్ద బండి కనపడగానే అడక్కుండా 40 కొడతారు. స్టిక్కరు మీద ఖాళీగా ఉన్నప్పుడు ఒక అంకె, నిండుగా ఉన్నప్పుడు ఇంకో అంకె ఉంటే రెండూ రాసిపెట్టుకోండి. పొద్దున్నే, బండి కదలకముందు చూడాలి. వేడి ఐదారు డిగ్రీలు పెరిగితే గాలి ఒక పౌండు పెరుగుతుంది. దామలచెరువు నుంచి తిరుపతి దాకా వచ్చి, మధ్యాహ్నం బంకులో చూసి, ఎక్కువుందని తగ్గించుకుంటే మర్నాడు పొద్దున తక్కువ గాలితో బయలుదేరతారు.

ఇంక బఫర్లు. ఇవి ఏం చేస్తాయో తెలిస్తే మీరే పీకేస్తారు. స్ప్రింగు మెత్తదనం దాని చుట్ల సంఖ్యలో ఉంటుంది. ఆరు చుట్లు ఆడే స్ప్రింగులో ఒక చుట్టు కదలకుండా రబ్బరు ఇరికిస్తే అది ఐదు చుట్ల స్ప్రింగు అయిపోతుంది, 20 శాతం గట్టిపడుతుంది. బండి ఎత్తు కొంచెం పెరిగిందని మీ ఆయన సంతోషపడ్డాడు. ఆ సంతోషానికి కూలి కట్టింది మీ అత్తగారి నడుము. పైగా రబ్బరుకూ ఇనుముకూ మధ్య మట్టి, నీళ్ళు నిలిచి రంగు పోయి తుప్పు పడుతుంది. తీయించాక స్ప్రింగును శుభ్రంగా తుడిపించి, ఆ చోట పగుళ్ళున్నాయేమో చూడమనండి.

బఫర్లు తీశాక వెనకభాగం కుంగితే అప్పుడు స్ప్రింగులు అలిసిపోయాయని అర్థం. సమంగా ఉన్న నేల మీద బండి నిలిపి, చక్రం మధ్య నుంచి పైన మడ్‌గార్డు అంచు దాకా టేపుతో కొలిచి, కుడి ఎడమలు పోల్చండి. తేడా బాగా ఉన్నా, రెండూ కుంగినా జతగా మార్చాలి, అదీ మీ మోడల్‌కు కంపెనీ ఇచ్చే స్ప్రింగులే. మామిడి కాలం సంగతంటారా, పెట్టెలకు టాటా ఏస్ మాట్లాడుకోండి. బండి మీదే మోయాల్సి వస్తే స్ప్రింగు లోపల పెట్టే గాలి బుడ్డలు దొరుకుతాయి. బరువు వేసినప్పుడు నింపుకుని, దించాక వాళ్ళు చెప్పిన కనీస గాలికి తగ్గించుకోవచ్చు. ఏడాది పొడుగునా గట్టిగా ఉండే బఫరు కన్నా అవి నయం.

ఇప్పుడు చాలామంది మెకానిక్కులు పట్టించుకోని ఒక చిన్న పని. బుష్షు అంటే లోపల ఒక ఇనుప గొట్టం, బయట ఒక గొట్టం, నడుమ రెంటికీ అతుక్కున్న రబ్బరు. చక్రం పైకీ కిందికీ ఆడినప్పుడు లోపలి గొట్టం కదలదు, రబ్బరే అటూ ఇటూ మెలి తిరిగి వెనక్కొస్తుంది. లోయర్ ఆర్ము (చక్రాన్ని ఛాసీకి కలిపే కింది చెయ్యి) మార్చేటప్పుడు బండిని జాకీ మీద ఎత్తుతారు, చక్రం కిందికి వేలాడుతూ ఉంటుంది. ఆ వేలాడే స్థితిలోనే పానా పెట్టి బోల్టు పూర్తిగా బిగించేస్తే, రబ్బరు అదే తన నిలువు అనుకుంటుంది. బండిని కిందికి దించగానే దాదాపు టన్ను ముందు బరువు మీద పడి ఆ రబ్బరు పిండిన తువ్వాలు లాగా మెలి పడి, అట్లాగే ఉండిపోతుంది. ఇక ప్రతి గతుకుకూ స్ప్రింగుతో పాటు ఆ మెలికను కూడా చక్రం జయించాలి. బండి గట్టిగా ఉంటుంది, కొత్త బుష్షు ఏడాదిలోపే చిరిగిపోతుంది. మందు సులువు. బోల్టులు వదులుగా ఎక్కించి, చక్రాలు నేల మీద ఆనేట్టు బండిని దించి, ముందుకీ వెనక్కీ ఒకసారి దొర్లించి, పిట్టు మీద పెట్టి కింద నుంచి అప్పుడు బిగించాలి. మీ బండికి ఆర్ములో బుష్షులో ఎప్పుడన్నా మార్చి ఉంటే, ఆ బోల్టులు ఒకసారి వదిలించి ఇట్లా మళ్ళీ బిగించమనండి. అరపూట కూలి, సామాను ఖర్చు లేదు. మార్చాల్సి వస్తే కంపెనీ రబ్బరువే వేయించండి. ఎర్రగా నీలంగా మెరిసే పాలీయురెథేన్ బుష్షులు ఎక్కువ కాలం ఆగుతాయి, కానీ రోడ్డు సమాచారమంతా లోపలికి మోసుకొస్తాయి.

షాకబ్జర్లు 2017వి అయితే వయసైపోయి ఉండొచ్చు. ఒంటి మీద నూనె తడి, దానికి అంటుకున్న దుమ్ము కనపడితే మార్చాలి. టైరు అక్కడక్కడా గుంతలు పడినట్టు అరిగినా అదే కథ. కంపెనీవో, గాబ్రియేల్, మన్రో లాంటి పాత పేర్లవో చాలు, కానీ మీ మోడల్‌వే. బిల్‌స్టీన్ లాంటి ఖరీదైన మోనోట్యూబు షాకబ్జర్లు బండిని బాగా పట్టి ఉంచుతాయి, వేగంలో ధైర్యం ఇస్తాయి. మీకు కావలసింది అది కాదు.

లక్ష రూపాయల కిట్టు గురించి ఇప్పుడు చెబుతాను. ఓల్డ్ మ్యాన్ ఎము, ఐరన్‌మ్యాన్ లాంటివి ఆస్ట్రేలియా సరుకు. అక్కడ బండికి ముందు ఇనుప బంపరు, వించి, పైన ర్యాకు, వెనక నీళ్ళ ట్యాంకు కట్టుకుని ఎడారిలో వారాల తరబడి తిరిగేవాళ్ళ కోసం చేశారు. మంచి సామానే, తప్పు పట్టను. కానీ వాటి స్ప్రింగులు బరువును బట్టి రకరకాలుగా వస్తాయి. మన అంగళ్ళలో ‘హెవీ డ్యూటీ’ అంటే గొప్ప అనుకుని అదే అంటగడతారు. ఖాళీ బండికి హెవీ స్ప్రింగు వేస్తే ఇప్పుడున్నదానికన్నా గట్టిగా తయారవుతుంది, పైగా బండి ఎత్తు పెరుగుతుంది, మీ అత్తగారు ఎక్కడానికి స్టూలు వేయాలి.

మెత్తదనానికి కూడా హద్దు ఉంది. మీరు కొండకు కూడా పోతుంటారు కదా. 1944లో తెరిచిన పాత ఘాట్ రోడ్డునే ఇప్పుడు దిగడానికి వాడుతున్నాం. ఆ వంపుల్లో నీరసపడ్డ షాకబ్జర్లు, గాలి తక్కువైన టైర్లు ఉన్న ఎత్తు బండి ఎట్లా వాలుతుందో వెనక కూర్చున్నవాళ్ళ ముఖం చూస్తే తెలుస్తుంది. సగం మంది వాంతి కవరు పట్టుకునేది అందుకే. భాకరాపేట ఘాట్‌లో అయినా అంతే. అందుకే స్ప్రింగు కోయించి మెత్తగా చేస్తామనేవాళ్ళ దగ్గరకు పోవద్దు. కోస్తే చుట్లు తగ్గి ఇంకా గట్టిపడుతుంది.

వరస ఇది: ఈ నెల బఫర్లు తీయించండి, బోల్టులు నేల మీద పెట్టి బిగించమనండి. చేతిలో డబ్బు ఆడినప్పుడు స్టెప్నీతో కలిపి ఐదు టైర్లు మార్చండి, అలైన్‌మెంట్ చేయించండి. అన్నీ ఒకే రోజు చేయించొద్దు, దేనివల్ల ఎంత మారిందో తెలియకుండా పోతుంది. ప్రతి పని తర్వాత అదే రోడ్డు, అదే వేగం, అత్తగారిని అదే సీట్లో కూర్చోబెట్టి ఆమెనే అడగండి. ఆమె కన్నా మంచి మీటరు నా షెడ్డులో లేదు. షాకబ్జర్ల మాట ఆ తర్వాత.

సీటు అన్నాను కాబట్టి, ఆమెను వెనక వరసలో కూర్చోబెడుతున్నారా? మీ బండిలో వెనక పక్కసీట్లు ఉంటే అవి ఇరుసు మీద, ఇరుసు వెనక ఉంటాయి. ఎగిరేది అక్కడే ఎక్కువ. ముందు సీటు గానీ నడుమ వరస గానీ ఇవ్వండి, రెండు ఇరుసుల మధ్య ఉన్నవాళ్ళకు ఎగురుడు తక్కువ.


ప్రశ్న: సార్, నేను శ్రీసిటీలో పని చేస్తాను. ఇసుజు వి-క్రాస్ కొన్నాను. వెనక ఖాళీగా ఉంటే ఎగిరెగిరి పడుతోంది. కమాన్ కట్టల్లో (ఇనుప పట్టీలు పేర్చిన వెనక స్ప్రింగుల్లో) ఒక పట్టీ తీసేస్తే మెత్తగా అవుతుందని తడ దగ్గర ఒక మెకానిక్కు అంటున్నాడు. తీయించమంటారా?
– ఒక పాఠకుడు, తడ

జవాబు: వద్దు. మీ బండి మీ పక్కనే పుట్టింది, 2016లో అక్కడ ఇసుజు ఫ్యాక్టరీ తెరిచారు. దాన్ని బరువు మోయడానికే కట్టారు. కమాన్ కట్టలు ఖాళీగా ఉన్నప్పుడు గట్టిగా, బరువు పడ్డాక సుఖంగా ఉంటాయి. పట్టీ తీస్తే ఖాళీగా ఉన్నప్పుడు కొంత మెత్తపడే మాట నిజమే. ఒకరోజు సిమెంటు బస్తాలు వేస్తారు చూడండి, అప్పుడు మిగిలిన పట్టీలు తిరగబడతాయి. గేరులో గట్టిగా లాగినప్పుడు ఇరుసే మెలి తిరుగుతుంది.

బదులుగా ఇది చేయండి. తలుపు స్తంభం మీది స్టిక్కరులో వెనక టైర్లకు ఖాళీ బండి గాలి వేరేగా రాసి ఉంటే అది పాటించండి, చాలామంది బరువు గాలితోనే ఏడాదంతా తిరుగుతారు. పట్టీల మధ్య తుప్పు పట్టి అవి ఒకదాని మీద ఒకటి జారకపోతే కట్ట మొత్తం ఒకే ముద్దలాగా పనిచేస్తుంది. వైరు బ్రష్షుతో రుద్దించి, పట్టీల కొసల దగ్గర ఉన్న ప్లాస్టిక్ బిళ్ళలు అరిగి ఉంటే కొత్తవి వేయించండి. కట్ట కొసను ఛాసీకి తగిలించే షాకిల్ బుష్షులు చూడమనండి. ఇవన్నీ అయ్యాక కూడా ఖాళీగా తిరిగేదే ఎక్కువైతే, ఒక అరవై డెబ్బై కిలోల ఇసుక మూటలు ఇరుసుకు సరిగ్గా పైన పెట్టి కదలకుండా కట్టేయండి. కట్టకుండా వదిలేస్తే బ్రేకు వేసినప్పుడు అవి క్యాబిన్ వెనక అద్దం దగ్గరికొస్తాయి.


ప్రశ్న: నైట్రోజన్ నింపితే బండి మెత్తగా పోతుందా?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: పోదు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. వేడికి రెండూ దాదాపు ఒకేలా పెరుగుతాయి, ఒకే పౌండ్ల దగ్గర టైరు గట్టిదనం ఒకటే. నైట్రోజన్ కొంచెం నెమ్మదిగా దిగుతుంది, తేమ ఉండదు, అంతే లాభం. టైరుకు ఇంత అని తీసుకునే ఆ డబ్బు దాచి, గాలి ఉచితంగా పెట్టే బంకుకు పోండి. మిగిలిన దాంతో ఒక మంచి గేజీ కొని డ్యాష్‌బోర్డు అరలో పెట్టుకోండి. బంకు మీటర్లు ఒకదానితో ఒకటి కలవవు.